కట్టినవాడి కునుకు

“ఒప్పుకుంది,” అన్నారు మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి. ఒక కాలికి చెప్పు ఉంది, రెండో కాలికి లేదు.

నా చేతిలో అట్లకాడ. పెనం మీద, మా పెళ్లయిన పంతొమ్మిదో రోజు పెసరట్టు. దాన్ని తిరగెయ్యడం మర్చిపోయాను. అది మాడుతూనే ఉంది, మేమిద్దరం చేతులు పట్టుకుని ఆ ఇరుకు వంటింట్లో గిర్రున తిరిగాం. మోచెయ్యి తగిలి ఉప్పు డబ్బా కింద పడింది. ఆ ఉప్పు ఎత్తడానికి ఆయన చీపురు తెచ్చి, చీపురు పట్టుకునే ఫోన్ చేసి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే రెండో చెప్పు వెతుక్కున్నారు. అందుకే నేను ఆయన్ని హడావిడి గారు అని పిలుస్తాను. అందరి ముందూ కాదు. ఇంట్లోనే.

ఒప్పుకున్నది తొంబి మామ్మ. ఆవిడ గురించి చెప్పాలంటే ముందు ఒలీమా దీవి గురించి చెప్పాలి.

బంగాళాఖాతంలో ఒలీమా అని చిన్న దీవి ఉండేది. ఏటా కాస్త కాస్త కొరుక్కుంటూ వచ్చిన సముద్రం, రెండు నెలల కిందట దాన్ని పూర్తిగా మింగేసింది. అక్కడున్న అరవై ఒక్క మందినీ ఓడలో తెచ్చి, భీమిలి దాటాక ఒడ్డు మీద గుడారాల్లో దింపారు. గుడారాలకి రెండొందల గజాల వెనక, వాళ్ల కోసమే ముందుగా కట్టించి ఉంచిన పద్నాలుగు పక్కా ఇళ్లున్నాయి. తాళంచెవులు ఇచ్చారు. వాళ్లు వాటిని దారానికి గుచ్చి మెళ్లో వేసుకున్నారు గానీ ఆ ఇళ్లలో కాలు పెట్టలేదు. కిందటి నెల పెద్ద వానకి బస్సుల్లో స్కూలు భవనానికి తరలిస్తే, గంటలో చంటిపిల్లలతో సహా తడుస్తూ నడిచి గుడారాలకి వచ్చేశారు.

ఎందుకో ఎవరికీ తెలీదు. వాళ్ల భాష వాళ్లకి తప్ప లోకంలో ఎవరికీ రాదు. చెవిలో పెట్టుకుంటే నూటనలభై భాషలు వినిపించే యంత్రాలు మా పునరావాస ఆఫీసులో బుట్టెడు ఉన్నాయి. కానీ వాటికీ ఎవరో ఒకరు ముందు నేర్పాలి కదా. ఇప్పుడేమో తుఫాను బయలుదేరింది. శుక్రవారం సరిగ్గా అక్కడే తీరం దాటుతుందన్నారు. ఈ పెసరట్టు మాడింది ఆదివారం.

నేను ఆ ఆఫీసులో దుబాసీని. ఒడియా, బెంగాలీ వచ్చు. ఒలీమా వాళ్ల దగ్గర ఆ రెండూ ఎందుకూ పనికిరాలేదు. మా ఆయన కామేష్‌ పనిచేసే ప్రయోగశాల నుంచి నలుగురు పెద్దవాళ్లు రికార్డర్లూ, బొమ్మల అట్టలూ పట్టుకొచ్చారు. ఒలీమా వాళ్లు నవ్వుతూ బొమ్మలు చూసి, అట్టలు గుడారంలో కింద పరుచుకోడానికి పట్టుకుపోయారు. నాకు చెయ్యడానికి ఏమీ లేక తొంబి మామ్మ పక్కన కూర్చుని చేపలు బాగుచేసేదాన్ని. నేను చేసిన ప్రతి చేపనీ ఆవిడ మళ్లీ తీసుకుని మొదటి నుంచీ బాగుచేసేది. రెండు నెలలు ఇదే మా ఉద్యోగం. ముప్పై మాటలు పట్టుబడ్డాయి, వాటికంటే ఎక్కువగా చేతిసైగలు. మోకాలి మీద తడితే కూర్చోమని. మణికట్టు చుట్టూ వేలు తిప్పితే తర్వాత అని. గడ్డం కింద పిడికిలి పెడితే ఎవరు అని. పెళ్లికి సెలవు పెట్టి తిరిగొచ్చిన రోజు, నా కాళ్ల పసుపు చూసి ఆవిడ గడ్డం కింద పిడికిలి పెట్టింది. దూరంగా చెప్పు తెగి కుంటుతూ వస్తున్న కామేష్‌ని చూపించాను. చాలాసేపు చూసి, ఎండుచేప ఒకటి కొంగులో కట్టి ఇచ్చింది.

కామేష్‌ వాళ్లు తయారుచేసిన వస్తువు పేరు జంటపట్టీ. ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని తలకి చెరొక పట్టీ కట్టుకుని గంటన్నర కళ్లు మూసుకుంటారు. లేచేసరికి ఒకరి అమ్మభాష ఇంకొకరి దగ్గర ఉంటుంది. తన భాష మాత్రం తన దగ్గర ఉండదు. రెండూ ఒకే గూట్లో ఇమడవట. దాని మీద ఆధారపడి నేర్చుకున్న మిగతా భాషలు కూడా అన్నాళ్లూ మూగబోతాయి. ఇష్టం లేనివాళ్ల దగ్గర నుంచి ఒక్క మాట కూడా కదలదు. వారం రోజులుగా అవతలి పట్టీ నా తలకి కట్టుకుని చూపిస్తూ మామ్మని సైగలతో అడుగుతూనే ఉన్నాను. అందుకే, ఆ ఉదయం తొంబి మామ్మ తనంతట తాను నడిచి ప్రయోగశాల వ్యానులోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, పట్టీ తిరగేసి తలకి చుట్టుకుందని వాచ్‌మన్‌ ఫోన్ చేస్తే, మా ఇంట్లో ఉప్పు ఒలికిపోయింది.

వ్యాను ఎక్కే ముందు మాత్రం మా ఆయన హడావిడి మానేశారు.

“నాలుగు రోజులే మల్లీ. బుధవారం సాయంత్రం దాటితే సిమెంటులా గట్టిపడిపోతుంది, ఇంక వెనక్కి రాదు,” అన్నారు. “వచ్చినా అన్నీ రావు. ఒకటో రెండో మాటలు అవతలే ఉండిపోతాయి. ఏవి పోతాయో ముందు తెలీదు. నా సంగతి చూశావు కదా.”

చూశాను. మొదటి ప్రయోగంలో ఆయన చింతకాయ అన్న మాట పోగొట్టుకున్నారు. మళ్లీ నేర్పితే అంటారు గానీ, అరువు చొక్కా వేసుకున్నట్టుంటుందట. ఆ మాట అంటే ఇప్పుడు నోట్లో నీళ్లూరవట. అంతకంటే నష్టం ఏం కావాలి మనిషికి?

“పోయిన మాట నేర్పడానికి మీరున్నారుగా,” అన్నాను.

“ఏటి, పాఠాలు చెప్పించుకోడానికా నన్ను పెళ్లి చేసుకున్నావు?” అన్నారు. నవ్వుతూనే అన్నారు.

*

కళ్లు తెరిచేసరికి వ్యానులో అందరూ ఒకేసారి గిన్నెలు కడుగుతున్నట్టు వినిపించింది. అది తెలుగు. మా ఆయన గొంతు నాకు తెలుస్తోంది, మాట తెలీడం లేదు. పక్క కుర్చీలో ఏం జరిగిందో నాకు తర్వాత చెప్పారు. తొంబి మామ్మ తలమీది పట్టీ సర్దుకుని, “ఆయ్, ఇది కొంచెం బిగుతుగా ఉందండి,” అందట. మాది అమలాపురం. ఆవిడకి వెళ్లింది నా తెలుగు. మనిషి భాష వెళ్లినప్పుడు దానితో పాటు వాడుకలూ, ఊతపదాలూ అన్నీ మూటగట్టుకుని వెళ్తాయి. ఎదురుగా తహసీల్దారు రత్నమాణిక్యం గారు నిలబడి ఉన్నారు. ఆవిడ ముందే, కంగారుగా అటూ ఇటూ తిరుగుతున్న మా ఆయన్ని చూసి తొంబి మామ్మ, “హడావిడి గారూ, మీరు ముందు కూర్చోండి,” అందట. తహసీల్దారు గారు ఫైలు అడ్డం పెట్టుకున్నారట. మా ఆయన చెవులు అప్పుడు ఎంత ఎర్రబడ్డాయో నేను నా కళ్లతో చూశాను, కారణం మాత్రం మూడు రోజుల తర్వాతే తెలిసింది.

ఆ వెంటనే మా పొరపాటు బయటపడింది. ఇంత చదువుకున్నవాళ్లం, ప్రయోగశాలలో ఒక్కరికీ తట్టలేదు. ఇప్పుడు మామ్మకి తెలుగు వచ్చు, తన వాళ్లు చెప్పేది తెలీదు. నాకు వాళ్ల భాష వచ్చు, ఆఫీసు వాళ్లు చెప్పేది తెలీదు. ఆవిడ ఈ ఒడ్డుకొచ్చింది, నేను ఆ ఒడ్డుకెళ్లాను. మధ్యలో నది అలాగే ఉంది. తహసీల్దారు గారు అడిగింది మామ్మకి అర్థమవుతుంది, మామ్మ చెప్పింది అందరికీ అర్థమవుతుంది. కానీ ఆ మాట గుడారాల దాకా చేరాలంటే మామ్మ నాకు చెప్పాలి. మా ఇద్దరికీ కలిసిన భాష అంటూ ఒక్కటీ లేదు. మా ఆయన రెండు చేతులతో జుట్టు పట్టుకున్నారు.

తొంబి మామ్మ నా వైపు చూసి మోకాలి మీద తట్టింది.

కూర్చున్నాను. ఆ సైగ అంత మధురంగా నాకు ఇంతకు ముందెప్పుడూ అనిపించలేదు.

*

గుడారాల్లోకి వెళ్లేసరికి నాకు పండగే. రెండు నెలలుగా నా చుట్టూ గలగలమన్న చప్పుడంతా మాటలైపోయింది. మొదట అర్థమైనది నా పేరు. వాళ్లు నాకు పెట్టుకున్న పేరు ‘చేపని రెండోసారి చంపేది’. నేను వాళ్ల భాషలోనే, మూడోసారి కూడా చంపగలనని చెప్పాను. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఇంక ఆపడం నా వల్ల కాలేదు. మా ఆయన చెప్పు ఎందుకు తెగింది, మేం అన్నంలో పోసుకునే ఆ ఎర్రనీళ్లు ఏమిటి, మేం ఫోన్లని అంతలా ఎందుకు తిడతాం, అన్నీ అడిగారు. చారు గురించి చెప్పడానికే అరగంట పట్టింది.

సాయంత్రం తిరిగొచ్చాక మా ఆయన కాఫీ పెట్టారు. మామూలుగా అయితే కాఫీ ఇస్తూ ఏదో ఒకటి చెప్తూనే ఉంటారు. ఇప్పుడు చెప్పి లాభం లేదు కాబట్టి ఊరికే కూర్చున్నారు. అప్పుడు చూశాను, దిగులు పడ్డప్పుడు ఆయన ఎడమ చెవి తమ్మెని రెండు వేళ్లతో నలుపుతారు. ఇరవై రోజులు పక్కనే ఉండి, మాటలు వింటూ, అది చూడనే లేదు. ఆ చెయ్యి తీసి నా చేతిలో పెట్టుకున్నాను. వాళ్ల భాషలో, దిగులు పడకండి అన్నాను. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. అయినా ఆ చెయ్యి మళ్లీ చెవి దగ్గరికి వెళ్లలేదు. సోమవారం పొద్దున నా పెసరట్టుని ఆయన చేప ఆకారంలో వేశారు. తోక వేపు మాడింది.

ఆ సోమవారమే అసలు సంగతి తెలిసింది. ఇళ్లలోకి ఎందుకు వెళ్లరని నేను గుడారాల్లో అడగబోతే, తిరిగి వాళ్లే నన్ను అడిగారు: ఆ ఇళ్లు కట్టినవాళ్లు ఎందుకు పారిపోయారు?

నేను తెల్లబోయాను. అప్పుడు ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. ఒలీమాలో ఇల్లు పూర్తయిన రోజు, కట్టినవాడు అందులోనే భోంచేసి మధ్యాహ్నం పడుకోవాలి. ఉండబోయే కుటుంబమంతా బయట కూర్చుని వింటుంది. లోపలి నుంచి గురక వినిపిస్తే లేచి, నవ్వుకుంటూ సామాను లోపల పెట్టుకుంటారు. ఆ గురకకి వాళ్ల భాషలో ప్రత్యేకంగా ఒక పేరుంది, నుమ్మ. మామూలు గురకని నుమ్మ అనరు. సముద్రపు గాలికి ఏటా కప్పులు లేచిపోయే చోట బతికినవాళ్లు. వాళ్లకి ఇల్లు గట్టిదని కాగితం మీద ముద్ర ఎందుకు?

దాదాపు అదే సమయానికి వ్యాను దగ్గర తొంబి మామ్మ తహసీల్దారు గారికి ఇదే చెప్పింది. మా ఆయన ఫోన్‌లో రికార్డు చేశారు. ఇప్పటికి పదిసార్లు విన్నాను.

“ఆయ్, మీరు మంచోళ్లేనండి. ఇళ్లు బాగున్నాయండి, రంగులేసేరు. కాని తన కప్పు కింద తనకే నిద్ర పట్టనోడు కట్టిన ఇంట్లో, మా పిల్లల్ని ఎలా పడుకోబెడతామండీ?”

రత్నమాణిక్యం గారు చేతిలో ఫైలు మూసేశారట. రెండు నెలల్లో తను అడగని ప్రశ్న అదొక్కటే అని తర్వాత మా ఆయనతో అన్నారట. వెంటనే ఇళ్లు కట్టిన మేస్త్రి గవర్రాజుకి ఫోన్ కలిపారు. అతనూ, అతని మనుషులూ రాజాం దగ్గర వేరే పనిలో ఉన్నారు. తుఫాను ముందు పని వదిలి, ఇంత దూరం వచ్చి, మధ్యాహ్నం పడుకోమంటే ఏమంటాడో అని అందరూ ఫోన్ చుట్టూ మూగారట.

“మేం కట్టిన ఇంట్లో మేం తొంగోడానికి మాకేటి బయం తల్లీ?” అన్నాడట గవర్రాజు. “కూర ఏటి పెడతారు మరి?”

ఈ కబురు గుడారాలకి చేరాలి. తొంబి మామ్మ ఇసకలో దబదబా నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నా ఎదురుగా కూర్చుంది. తాపీ పట్టినట్టు చెయ్యి ఆడించింది, ఇటుక మీద ఇటుక పెట్టింది. అరచెయ్యి చెంప కింద పెట్టుకుంది. మణికట్టు చుట్టూ వేలు తిప్పింది, తర్వాత అని. మూడు వేళ్లు చూపింది. సోమ, మంగళ, బుధ పోతే గురువారం. నేను గడ్డం కింద పిడికిలి పెట్టాను, ఎవరు అని. మళ్లీ తాపీ. నేను లేచి నిలబడి గుడారాల వైపు తిరిగి, వాళ్ల భాషలో గట్టిగా చెప్పాను: కట్టినవాళ్లు పారిపోలేదు, వస్తున్నారు, గురువారం మధ్యాహ్నం అందరి ఎదురుగా పడుకుంటారు.

మా ఇద్దరి మధ్య వంతెన జంటపట్టీ కట్టలేకపోయింది. మేం చేపలు బాగుచేస్తూ కట్టుకున్నాం. ఈ మాట నేను ప్రయోగశాల నివేదికలో రాస్తే, మా ఆయన పైవాళ్లు కొట్టేశారు. ఆయన మళ్లీ రాశారు.

*

బుధవారం పొద్దున మళ్లీ వ్యానులో కూర్చున్నాం. మొదటిసారి నాకు భయం వేసింది. ఆ భాష నాలుగు రోజులకే నాకు బాగా నచ్చేసింది. ఇచ్చెయ్యడం బాధే. కానీ భయం దానికి కాదు. ఏ మాటలు అవతల ఉండిపోతాయో అని.

కళ్లు తెరవగానే మా ఆయన, “మల్లీ, నా పేరేంటి?” అన్నారు. అర్థమైంది. ఆ మూడు మాటలూ అర్థమైనందుకే కళ్లమ్మట నీళ్లొచ్చాయి. కామేష్‌ అని చెప్పాను. ఆయన కాగితం పట్టుకుని వంటింటి సామాను, చుట్టరికాలు, రంగులు వరసగా అడిగారు. అన్నీ ఉన్నాయి. చింతకాయ కూడా ఉంది, నోట్లో నీళ్లతో సహా. అమ్మయ్య అనుకున్నాం.

బయటికొచ్చాక ఆయన ఒక చేత్తో వైర్లు చుడుతూ, రెండో చేత్తో టీ తాగుతూ, భుజంతో తలుపు మూస్తున్నారు. ఎప్పట్లా పిలవబోయాను. నోరు తెరిచాను. అక్కడ ఏమీ లేదు. పన్ను ఊడిన చోట నాలుక పెట్టినట్టుంది. ఏదో గారూ. ఏ గారు?

ఆయనకి తెలిసిపోయింది. చెయ్యి ఎడమ చెవి మీదకి వెళ్లింది. తను చెప్తే అది నేర్పిన మాట అవుతుందని, అరువు చొక్కా అవుతుందని ఆయన నోరు మెదపలేదు.

వ్యాను మెట్ల మీద నుంచి తొంబి మామ్మ దిగుతోంది. ఇప్పుడావిడకి తెలుగు రాదు, తన భాషే వచ్చు. ఒలకబోతున్న టీనీ, కాళ్లకి చుట్టుకుంటున్న వైర్లనీ చూసింది. పకపకా నవ్వి, మా అమలాపురం యాసలో, “హడావిడి గారూ!” అంది.

ఆవిడ దగ్గర ఉండిపోయిన ఒకే ఒక్క తెలుగు మాట అది. ఎలా చెప్పను, అది నేర్చుకున్నట్టు లేదు. అత్తారింటికెళ్లిన ఆడపడుచు పుట్టింటి గుమ్మంలోకి వచ్చినట్టు నవ్వుతూ వచ్చి కూర్చుంది నాలో. హడావిడి గారు, హడావిడి గారు అని నేను పిలుస్తూనే ఉన్నాను, ఆయన పలుకుతూనే ఉన్నారు. టీ మొత్తం ఒలికిపోయింది. ఆవిడ మాట కూడా ఒకటి నా దగ్గర ఉండిపోయిందని అప్పుడు గుర్తొచ్చి, “నుమ్మ,” అన్నాను. ఆవిడ తల తడుముకుని, నా నోటి వైపు చూసి, మెల్లగా తనూ అంది. నుమ్మ. మళ్లీ అంది. ఇద్దరం ఒకరిది ఒకరికి ఇచ్చేసుకున్నాం, అయినా ఎవరి దగ్గరా తగ్గలేదు.

మధ్యాహ్నానికి గవర్రాజు లారీ వచ్చింది. పదమూడు మంది దిగారు. పద్నాలుగోవాడు, చివరి ఇల్లు కట్టిన అప్పన్న, పోర్ట్‌బ్లెయిర్‌లో పనికి వెళ్లాడట. తుఫానుకి ఓడలు ఆగిపోయాయి, రాలేడు. ఆ చివరి ఇల్లు తొంబి మామ్మది. అందరికీ పంచాక మిగిలింది తను తీసుకుంది. తను వెళ్లకపోతే మిగతా వాళ్లూ ఆమెతో పాటు గుడారంలోనే ఉండిపోతారు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెల్లారితే గురువారం, ఆ మర్నాడే గాలి.

నేను ఆవిడ ఎదురుగా ఇసకలో కూర్చున్నాను. తాపీ ఆడించి, సముద్రం చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాను. ఆవిడ అర్థం చేసుకుంది. కాసేపు ఆ ఇంటి వైపే చూసింది. తర్వాత లేచి, నా చెయ్యి పట్టుకుని ఇంటి ముందుకి తీసుకెళ్లింది. గుమ్మం పక్కన ఖాళీ నేల మీద కూర్చుని, పక్కకి జరిగి, మోకాలి మీద తట్టింది. అక్కడ కూర్చోడానికి ఏమీ లేదు. ఇసకే. పద్నాలుగు ఇళ్లు కట్టారు గానీ ఒక్కదానికీ అరుగు లేదు.

ఆవిడ నన్ను చూపించింది, మా ఆయన్ని చూపించింది, తాపీ పట్టినట్టు చెయ్యి ఆడించింది. అరచెయ్యి చెంప కింద పెట్టుకుంది.

అరుగు కట్టి పడుకుంటే మేమూ కట్టినవాళ్లమే అన్నట్టు, పక్కన నిలబడ్డ ఒలీమా ఆడవాళ్లు తలలూపారు. చేపని రెండోసారి చంపేదాని చేతి అరుగు ఎలా ఉంటుందో అని వాళ్లలో వాళ్లు నవ్వుకుంటున్నారని, భాష లేకపోయినా నాకు తెలిసిపోయింది.

గవర్రాజు విషయం విని, అరుగంటే రెండు గంటల పని, తను పక్కన నిలబడి చెప్తాడు, ఇటుక మాత్రం మేమే పెట్టాలి అన్నాడు. తహసీల్దారు గారు మైకు తెప్పించారు. గవర్రాజు దాన్ని రెండుసార్లు ఊదాడు.

“రేపు ఆరింటికి ఆకరి ఇంటికి అరుగు. కొత్త పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కడతారు. పన్నెండింటికి బోజనాలు, సేపల పులుసు. ఒంటిగంటకి పద్నాలుగు ఇళ్లలోనూ అందరూ తొంగోవాల. బయటున్నోళ్లకి వినబడాల.”

మా ఆయన మైకు వైపు చూశారు, ఇంటి వైపు చూశారు, నా వైపు వంగి మెల్లగా, “ఇబ్బందేనేమో మల్లీ. నేను గురక పెట్టను కదా,” అన్నారు.

పెళ్లయిన మర్నాడు అడిగితే, పెట్టరండీ అని చెప్పాను. తర్వాత తెలుగున్న ప్రతి రోజూ అదే చెప్పాను. ఇరవై రెండు రోజులు దాచాను.

“రేపు మధ్యాహ్నం వింటారుగా, హడావిడి గారూ, ఊరంతా,” అన్నాను.